ఆ అట్టపెట్టె కిందికి దించండి: అనంతపురంలో మిషన్లు బాడుగకిచ్చే అన్నలకు బహిరంగ లేఖ

అన్నలారా,

నేనెవరో మీలో చాలామందికి తెలుసు. పద్దెనిమిదేళ్లుగా అనంతపురంలో ఆర్మేచర్ వైండింగ్ షాపు, అంటే మోటారు లోపల తిరిగే భాగానికి రాగి తీగ చుట్టే షాపు, పెట్టుకుని బతుకుతున్నాను. మీరు బాడుగకిచ్చే గ్రైండర్లు, మార్బుల్ కటర్లు, డ్రిల్ మిషన్లు పాడైతే నా దగ్గరికే వస్తాయి, మోటారుకు కరెంట్ అందించే కార్బన్లు మార్చి, బేరింగులు వేసి, కాలిపోయిన ఆర్మేచర్ మళ్లీ చుట్టి మీకే పంపిస్తాను. మీకూ నాకూ అన్నం పెట్టేది ఆ మిషన్లే. అందుకే దీన్ని బయటివాడెవడో తప్పులు పట్టినట్టు కాకుండా, ఇంట్లోవాడు కూర్చుని మాట్లాడినట్టు చదవండి.

మిమ్మల్ని అడగాలనుకున్నది ఒక్కటే: గార్డు, అంటే తిరిగే డిస్క్‌కు మనిషి వైపు అడ్డంగా ఉండే రేకు, లేని గ్రైండర్‌ను షాపు గడప దాటనివ్వొద్దు. వేరే సంగతులు కూడా చెప్తాను, కానీ ఈ ఒక్కదానికి ఒప్పుకున్నా నాకు చాలు.

మూడు వారాల కింద ఒక షాపుకు బిల్లు డబ్బుల కోసం పోయాను. ఓనర్ అన్న ఫోన్లో మాట్లాడుతుంటే స్టూలు మీద కూర్చుని అటూ ఇటూ చూస్తున్నాను. అటక మీద ఒక పాత అట్టపెట్టె, మూత తెరుచుకుని ఉంది. లోపల గార్డులు. ఒకటి రెండు కాదు, పెట్టె నిండా గార్డులే. కొన్నింటికి ఫ్యాక్టరీలో పూసిన నూనె అట్లాగే ఉంది, దాని మీద దుమ్ము పట్టి జిడ్డుగా నల్లబడింది. వాటి సందుల్లో సైడ్ హ్యాండిళ్లు, డిస్క్ నట్టు విప్పే రెండు పళ్ల స్పానర్లు. "ఇవేందన్నా, ఇన్నుండాయి?" అని అడిగితే, "కొత్త మిషన్ వచ్చిన్నాడే పీకి పెట్టేస్తాం, బాడుగకు పోతే పోగొట్టుకోని వస్తారు, ఎవురితో కొట్లాడేది" అన్నాడు. ఆయన మంచి మనిషి. దాచిపెట్టాలని కూడా అనుకోలేదు, ఎందుకంటే అది తప్పు అని ఆయనకు ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ షాపు మిషన్ ఒకటి పోయిన ఎండాకాలం నా బెంచీ మీదికి ఎలా వచ్చిందో గుర్తుకొచ్చింది.

ఊరి బయట కొత్త మిద్దె, బండలు పరిచే పని. ఆ బ్యాచ్ వాళ్లు 4 అంగుళాల గ్రైండర్ బాడుగకు తీసుకుపోయారు, గార్డు లేదు, లేదు కాబట్టి 5 అంగుళాల డిస్క్ ఎక్కించారు. పదకొండు గంటలప్పుడు కరెంట్ పోయింది. కోస్తున్న పిల్లోడు మిషన్‌ను అట్లాగే బండల దొంతి మీద పెట్టి నీళ్లు తాగడానికి పోయాడు. స్విచ్ ముందుకు తోసి లాక్ చేసిందే ఉంది. కరెంట్ లేనప్పుడు మిషన్ చప్పుడు చేయదు కదా, ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో దూరం నుంచి చూసి ఎవరు కనిపెడతారు? దొంతి పక్కన నీడలో ఇంకో పిల్లోడు చెప్పులు విడిచి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు, పంతొమ్మిదేళ్లు ఉంటాయేమో. కరెంట్ వచ్చింది. మిషన్ ఒక్కసారిగా తిరగడం మొదలుపెట్టి, బండ మీద ఎగిరి, వాడి పాదం మీద పడింది. బొటనవేలిని పైకెత్తే తాడులాంటి నరం తెగిపోయింది. ఆపరేషన్ చేసి కలిపారు, ఇప్పుడు నడుస్తున్నాడు, కానీ మెట్లు ఎక్కేటప్పుడు వేలు అంచుకు తగిలి తూలుతున్నాడని వాళ్ల మేస్త్రీ చెప్పాడు. బండలు మోసే పనికి మళ్లీ పోలేదు.

రెండు రోజుల తర్వాత ఆ మిషన్ నా దగ్గరికి వచ్చింది, కింద పడి గేర్ హెడ్ పగిలిందని. గాలి పోయే చీలికల్లో బండ పొడి, రక్తం కలిసి సిమెంటులా గట్టిపడి ఉంటే స్క్రూడ్రైవర్ మొనతో గీకి తీశాను. అంతకు నెల ముందు అదే మిషన్‌కు కార్బన్లు మార్చింది నేనే. గార్డు లేదని అప్పుడు చూశాను కూడా. చూసి, కార్బన్లు వేసి, అర నిమిషం తిప్పి చూసి, డబ్బులు తీసుకుని పంపించాను. కాబట్టి ఈ లేఖలో "మీరు" అని రాసిన ప్రతిచోటా నన్ను కూడా కలుపుకోండి.

గార్డు అంటే ఒక రేకు ముక్క, అది ఉంటే ఎంత లేకపోతే ఎంత అని మనవాళ్లు అనుకుంటారు. 4 అంగుళాల గ్రైండర్ ఖాళీగా తిరిగేటప్పుడు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. లెక్క వేసుకోండి, ఆ డిస్క్ అంచు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. తాడిపత్రి బస్సు ఎంత తోలినా అందులో సగం కూడా పోదు. ఆ డిస్క్ పగిలితే ముక్క అదే వేగంతో వస్తుంది, అదీ ముఖానికి అడుగున్నర, రెండడుగుల దూరం నుంచి. రెప్ప వాల్చే టైం కూడా ఉండదు. గార్డు ఆ ముక్కను మనిషి వైపు రానివ్వదు, నిప్పురవ్వలను అవతలికి మళ్లిస్తుంది, చెయ్యి జారితే వేళ్లు డిస్క్ మీద పడకుండా అడ్డం ఉంటుంది. ఇవన్నీ ఒక ఎత్తు. గార్డు ఉంటే పెద్ద డిస్క్ పట్టదు, నా లెక్కలో అది ఇంకో ఎత్తు.

అసలు గార్డు పీకేది కూడా అందుకే కదా. 4 అంగుళాల డిస్క్ తొందరగా అరిగిపోతుంది, 5 అంగుళాలదైతే లోతుగా కోస్తుంది, ఎక్కువ రోజులు వస్తుంది అని. కానీ 4 అంగుళాల డిస్క్ నడుమ రంధ్రం 16 మిల్లీమీటర్లు, 5 అంగుళాలదానికి 22 మిల్లీమీటర్లు. చిన్న మిషన్ ఫ్లాంజ్, అంటే డిస్క్‌ను నడుమ పట్టి ఉంచే బిళ్ల, 16కు సరిపోయేలా చేసింది. మిగిలిన సందులో వాషరో, చుట్టిన వైరో పెట్టి నట్టు బిగిస్తారు, నేను విప్పినప్పుడు అట్టముక్క కూడా దొరికింది ఒకసారి. చూడటానికి నడుమే ఉన్నట్టు ఉంటుంది, కానీ వెంట్రుకంత పక్కకు జరిగినా 11,000 చుట్ల మీద మిషన్ మొత్తం వణుకుతుంది. ఆ వణుకుకే బేరింగులు పోతాయి. పెద్ద డిస్క్ లోడ్ మొయ్యలేక ఆర్మేచర్ కాలిపోతుంది. మీరు నాకు కడుతున్న వైండింగ్ డబ్బుల్లో చాలా భాగం ఈ పెద్ద డిస్కుల వల్లే. నా ఆదాయం పోయే మాట అని తెలిసే చెప్తున్నా.

7 అంగుళాల డిస్క్ చిన్న మిషన్‌కు ఎక్కించేవాళ్లను కూడా చూశాను. దయచేసి డిస్క్ మీద అచ్చు వేసిన అంకె ఒకసారి చదవండి. 7 అంగుళాల కటింగ్ డిస్క్ మీద మామూలుగా 8,500 అని ఉంటుంది, అంటే అంతకు మించి తిప్పితే అది నిలబడుతుందని తయారు చేసినవాడే హామీ ఇవ్వడం లేదు. దాన్ని 11,000 మీద తిప్పుతున్నారు మనవాళ్లు. మంచి డిస్కులకు నడుమ ఇనుప రింగు మీద నెల, సంవత్సరం కూడా కొట్టి ఉంటాయి. అది గడువు. డిస్కులో ఉండే బంక పాతబడితే, తేమ తగిలితే పట్టు వదిలేస్తుంది, అందుకే మూడేళ్ల గడువు పెడతారు. వానకు తడిసిన డిస్కులు, కిందపడి అంచు చిట్లినవి పది రూపాయలు తగ్గించి అమ్మే పని ఎవరూ పెట్టుకోవద్దు, పారేయండి.

చెక్క కోసే పళ్ల బ్లేడ్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే తలుపు చట్రాల పనికి గ్రైండర్‌కు ఆ బ్లేడ్ వేసివ్వమని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కటింగ్ డిస్క్ రాపిడితో అరగదీస్తుంది. పళ్ల బ్లేడ్ కొరుకుతుంది. చెక్కలో ముడి తగిలినా, మేకు తగిలినా ఆ పన్ను అక్కడ పట్టుకుని, మిషన్ మొత్తం మనిషి మీదికి ఎగురుతుంది. చేతుల్లో ఆపే బలం ఎవరికీ ఉండదు, పహిల్వాన్‌కైనా ఉండదు. చెక్కకు సర్క్యులర్ సా వేరే ఉంది, దానికి కింద తనంతట తానే మూసుకునే గార్డు ఉంటుంది, వేగమూ తక్కువ. అది బాడుగకివ్వండి. గ్రైండర్‌తో పాటు చెక్క బ్లేడ్ అడిగితే లేదని చెప్పండి, ఆ గిరాకీ పోతే పోనీ.

బండ కోసేటప్పుడు కూడా మిషన్ రివర్స్ కొడుతుంది. బండకు రెండు వైపులా సరిగ్గా ఆనింపు లేకపోతే, కోత చివరికి వచ్చేసరికి బండ బరువుకు వంగి ఆ సందు మూసుకుని డిస్క్‌ను కరిచి పట్టుకుంటుంది. డిస్క్ ఆగిపోయి, దాని వేగమంతా మిషన్‌కు వచ్చి వెనక్కి తంతుంది. సైడ్ హ్యాండిల్ ఉంటే రెండు చేతులతో అదుపు చేసుకునే వీలు కాస్తయినా ఉంటుంది. హ్యాండిల్ మీ అట్టపెట్టెలో ఉంటే ఆ మనిషి ఒక చేత్తో మిషన్, ఇంకో చేత్తో బండ పట్టుకుంటాడు, వేరే దారి లేదు వాడికి. కాలితో బండ తొక్కిపెట్టి, రెండు కాళ్ల మధ్యలో కోస్తుండటం మీరూ చూసే ఉంటారు. డ్రిల్‌కూ అంతే, స్లాబులో కమ్మీ తగిలి బిట్ పట్టేస్తే హ్యాండిల్ లేని మిషన్ మణికట్టును మెలిపెట్టేస్తుంది, అదీ నిచ్చెన మీద ఉన్నప్పుడు.

"గార్డు పెడితే మూలలు అందవని గిరాకీలే పీకేస్తారు, మేమేం చేసేది" అంటారు మీరు. కొంత నిజమే. కానీ గార్డు స్క్రూ వదులు చేస్తే చుట్టూ తిరుగుతుంది, ఏ వైపు కావాలంటే ఆ వైపు మళ్లించుకుని బిగించుకోవచ్చు, మూసిన వైపు మన వైపు ఉంటే చాలు. ఇది చూపించడానికి ఒక నిమిషం పడుతుంది, అంతే. ఇంక పోగొట్టుకుంటారనే మాట. సెంట్రింగ్ సామాను పంపేటప్పుడు రేకులు ఎన్ని, జాకీలు ఎన్ని అని పుస్తకంలో రాసుకుంటారు కదా, ఒక జాకీ తక్కువొస్తే అడ్వాన్సులో పట్టుకుంటారు కదా. గార్డును, హ్యాండిల్‌ను, స్పానర్‌ను కూడా అదే పుస్తకంలో రాయండి. కొత్త గార్డు ఖరీదు ఒక రోజు బాడుగ అంత కూడా ఉండదు.

స్పానర్ చిన్న విషయం అనుకోవద్దు. అది ఇవ్వకపోతే ఉలి పెట్టి సుత్తితో కొట్టి నట్టు విప్పుతారు, బిగించేదీ అట్లాగే. ఆ దెబ్బకు డిస్క్‌లో కంటికి కనపడని చీలిక వస్తుంది. స్పానర్ చేతిలో ఉన్నా, ప్లగ్గు పీకకుండా డిస్క్ మార్చొద్దని ఒక మాట చెప్పి పంపండి.

ఆ ప్లగ్గు సంగతి కూడా చెప్పాలి. నా దగ్గరికి వచ్చే మిషన్లలో ఎన్నింటికో అసలు ప్లగ్గే ఉండదు, వైరు కొనలు చెక్కి వదిలేసి ఉంటాయి. సైటులో ఆ రెండు కొనలను సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చుతారు. పక్కన ఎవరికైనా కాలు తగిలి వైరు ఊడితే కింద నీళ్ల మడుగులో పడుతుంది, బండ కోసేచోట ఎప్పుడూ నీళ్లు ఉంటాయి కదా. టేపు చుట్టిన అతుకులు కూడా ఆ నీళ్లలోనే పొర్లుతుంటాయి. మంచి ప్లగ్గు, అతుకు లేని వైరు, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్) వేసి ఇస్తే, లీకైన కరెంట్ మనిషికి తగిలినా ప్రాణం మీదికి రాకముందే కట్ అయ్యే వీలు ఎక్కువ. నేను వేసిస్తాను, సామాను ఖర్చు ఇస్తే చాలు.

కరెంట్ పోయి వచ్చినప్పుడు తిరిగే ప్రమాదం మన ఊళ్లలో ఎక్కువ, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. కొత్త మిషన్లు కొనేటప్పుడు వేలు వదిలితే ఆగిపోయే స్విచ్ ఉన్నవి అడగండి, కరెంట్ తిరిగొచ్చినా స్విచ్ మళ్లీ వేస్తేగానీ తిరగని రకం కూడా దొరుకుతుంది. ధర ఎక్కువే, అయినా అడగండి. అప్పటిదాకా, కరెంట్ పోతే ముందు స్విచ్ తీసి ప్లగ్గు పీకాలి అని మిషన్ ఒంటి మీదే పెయింటుతో రాయించండి. "కరెంట్ పోతే ఆఫ్" అని మూడు మాటలు. చదవడం రానివాడికి నోటితో చెప్పండి.

కంటి సంగతి బేల్దారి అన్నలకు, గేట్లు కోసే వెల్డింగ్ పిల్లలకు కూడా చెప్తున్నా. ఇనుప రవ్వ కంట్లో పడితే తువ్వాలు కొసతోనో, నాలుకతోనో తీసే మొనగాడు ప్రతి సైటులో ఒకడు ఉంటాడు. వద్దు. ఇనుప రవ్వ నల్లగుడ్డు మీద గుచ్చుకుంటే ఒక రోజు లోపే చుట్టూ తుప్పు రింగు కడుతుంది, దాన్ని కంటి డాక్టర్ మిషన్ కింద చూసి తీయాలి. వేగంగా వచ్చిన ముక్క గుడ్డులోకే దూరిపోతే బయటికి ఏమీ కనపడకపోవచ్చు కూడా, చూపు మసకగా ఉందంటే నలపకుండా, నొక్కకుండా, పేపర్ కప్పు అడ్డం పెట్టి ఆసుపత్రికి పోవాలి. పక్కలు మూసుకునే కళ్లద్దాలు ప్రతి మిషన్‌తో ఒక జత పంపండి. చలువ అద్దాలు కావవి. 1948లో వచ్చిన ఫ్యాక్టరీల చట్టంలోనే తిరిగే భాగాలకు అడ్డు ఉండాలని 21వ సెక్షన్‌లో, కళ్లకు రక్షణ ఇవ్వాలని 35వ సెక్షన్‌లో రాశారు. ఫ్యాక్టరీ గేటు లోపలి మనిషికి అప్పుడే ఇచ్చిన ఆ మాట, వీధిలో మిద్దె కట్టే చోట బాడుగ మిషన్ పట్టుకున్న పిల్లోడి దాకా ఇంకా రాలేదు. ఆఫీసు నుంచి ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగడం ఎందుకు, మిషన్ ముందు మన చేతుల్లోంచే పోతుంది కదా.

దుమ్ము గురించి. మనకు అలవాటైన నల్ల బండ సున్నపురాయి రకం, దాని పొడి మంచిదని కాదు గానీ, గ్రానైట్, కాంక్రీట్, ఇసుకరాయి కోసినప్పుడు లేచేది ఇంకా చెడ్డది. చేన్లలో కనపడే తెల్ల పలుగురాయి ఉంది చూడండి, అదే పదార్థం గ్రానైట్‌లోనూ, కాంక్రీట్‌లోని ఇసుకలోనూ ఉంటుంది, దాన్నే సిలికా అంటారు. కంటికి కనపడనంత సన్నటి పొడి ఊపిరితిత్తుల అడుగుకు పోయి అక్కడ మచ్చలు కడుతుంది, ఏళ్ల తర్వాత ఆయాసం మొదలవుతుంది. సిలికోసిస్ అంటారు, నయం చేసే మందు లేదు. టీబీ కూడా తొందరగా పట్టుకుంటుంది. ముఖానికి కట్టుకునే తువ్వాలు ఆ పొడిని ఆపదు, ఎన్95 లాంటి మాస్కు కావాలి, దానికంటే ముందు నీళ్లు కావాలి. నీళ్ల పైపు ఉన్న మార్బుల్ కటర్‌ను ఆ పైపుతో సహా ఇవ్వండి. నీళ్లు పోస్తూ కోయాలంటే ఆ పనికి చేసిన మిషనే కావాలి, మామూలు గ్రైండర్ మీద చెంబుతో నీళ్లు పోయిస్తే లోపలికి దిగి బాడీకి కరెంట్ వస్తుంది, అట్లాంటి మిషన్లు కూడా నా బెంచీ మీదికి వస్తుంటాయి.

లుంగీ కట్టుకుని, మెడలో తువ్వాలు వేలాడేసుకుని, చేతికి నాలుగు రకాల దారాలు, కడియం పెట్టుకుని వచ్చినవాడికి మిషన్ ఇచ్చేటప్పుడు ఒక మాట అనండి. లుంగీ కొస డిస్క్‌కు చుట్టుకుంటే మిషన్ గుడ్డ వెంట ఎక్కుతూ తొడ మీదికి వస్తుంది. అంతకంటే వివరంగా రాయలేను.

ఒకవేళ జరగకూడనిది జరిగితే. వేలు తెగితే చాలామంది దాన్ని నేరుగా ఐసులో వేసి పరిగెత్తుతారు. ఐసు తగిలిన కండ చచ్చిపోతుంది, డాక్టర్ కలుపుదామన్నా పనికిరాదు. శుభ్రమైన గుడ్డ తడిపి, పిండి, వేలిని అందులో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవర్‌ను ఐసు నీళ్లలో పెట్టాలి. గాయాన్ని మందంగా గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకుని చెయ్యి పైకెత్తి ఉంచాలి, పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. 108కి ఫోన్ చేసేటప్పుడే వేలు తెగిందని చెప్పాలి, దాన్ని కలిపే డాక్టర్ ఉన్న ఆసుపత్రి ఏదో ముందే కనుక్కోవచ్చు. తాడిపత్రి నుంచైనా, గుత్తి నుంచైనా ఇక్కడికి రావడానికే గంట పడుతుంది, ఇక్కడి నుంచి ఇంకా పంపిస్తే ఇంకెంత పడుతుందో మీకు తెలుసు. ఈ నాలుగు ముక్కలు మీ కౌంటర్ దగ్గర గోడకు అంటించండి, కావాలంటే పెద్ద అక్షరాలతో నేనే ప్రింట్ తీసి ఇస్తాను.

ఇంక నా వైపు నుంచి. ఈ నెల మొదటి తారీకు నుంచి గార్డు లేని గ్రైండర్ నా షాపుకు రిపేరుకు వస్తే, గార్డు బిగించకుండా తిరిగి ఇవ్వడం లేదు. కర్నూలు నుంచి 4, 5, 7 అంగుళాల గార్డులు కొన్ని తెప్పించి పెట్టుకున్నాను, మీ పెట్టెలో ఉంటే అవే తెచ్చుకోండి, కొత్తవి కొనక్కర్లేదు. బిగించినందుకు కూలి తీసుకోను. వచ్చే రెండు ఆదివారాలు పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం దాకా షాపు తెరిచే ఉంటుంది, మిషన్లన్నీ ఒక ఆటోలో వేసుకుని వచ్చినా సరే, అన్నింటికీ గార్డులు, ప్లగ్గులు వేసి ఆ రోజే పంపిస్తాను. పాదానికి దెబ్బ తగిలిన ఆ బండల పిల్లోడు కూడా ఆ ఆదివారాలు వచ్చి కూర్చుంటానన్నాడు. వాడికి స్క్రూడ్రైవర్ పని నేర్పుతున్నాను, బిగించేది వాడే.

ఇట్లు,
మీ మిషన్లు రిపేరు చేసే తమ్ముడు,
అనంతపురం